సంతకానికి ముందు, ఫిర్యాదుకు ముందు

చెల్లెమ్మకు,

నీ ఉత్తరంలో మూడు సంగతులు అడిగావు. ప్రచురణకర్త పంపిన ఒప్పందం మీద సంతకం పెట్టాలా వద్దా అన్నది ఒకటి. నీ కథను ఎవరో యూట్యూబ్‌లో చదివి పెట్టేసుకుంటే ఏం చేయాలన్నది రెండోది. నాయకుల ప్రసంగాల మీద నువ్వు చేసిన వీడియోకు కాపీరైట్ స్ట్రైక్ (హక్కుదారు ఫిర్యాదు మీద యూట్యూబ్ వేసే హెచ్చరిక) పడటం న్యాయమేనా అన్నది మూడోది. వేరువేరు తగాదాల్లా కనిపిస్తాయి గానీ వీటి మూలం ఒకటే. రాసిన క్షణంలోనే కాపీరైట్ నీకు పుడుతుంది. దాన్ని వాడుకునేది మాత్రం కాగితాలూ గడువులూ లాయర్లూ చేతిలో ఉన్నవాళ్లు. ఆ కాగితాలూ గడువులూ నీకూ తెలియాలని ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఒప్పందం. రెండో పేజీలో ఈ వాక్యం మళ్లీ చదువు: 'రచనపై సర్వహక్కులు, ప్రస్తుతం ఉన్న, ఇకముందు రాబోయే అన్ని మాధ్యమాలలో, ప్రపంచమంతటా, శాశ్వతంగా ప్రచురణకర్తకు దఖలు పరచడమైనది.' ఈ ఒక్క వాక్యానికి బదులుగా నీకు దక్కేది పాతిక కాపీలు.

1957 నాటి కాపీరైట్ చట్టంలో 19వ సెక్షన్ రచయితకు కొండంత అండ. హక్కుల బదలాయింపు రాతలో ఉండాలి, సంతకం ఉండాలి. ఏ రచన, ఏయే హక్కులు, ఎంత కాలం, ఏ ప్రాంతం, రాయల్టీ ఎంత అన్నవి అందులో తేలాలి. కాలం రాయకపోతే 5 సంవత్సరాలే అనుకోవాలి. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడుకోకపోతే, ఒప్పందంలో మరోలా లేనప్పుడు, అది రద్దయి నీకు తిరిగొస్తుంది. అంటే ఒప్పందం మౌనంగా ఉన్నచోట చట్టం నీ తరఫున మాట్లాడుతుంది. 'శాశ్వతంగా', 'ప్రపంచమంతటా' అని రాయించుకునేది ఆ నోరు మూయించడానికే. 'ఇకముందు రాబోయే మాధ్యమాలు' అన్న ముక్క కూడా ఊరికే రాలేదు. ఒప్పందం నాటికి లేని, వాణిజ్య వాడకంలో లేని మాధ్యమాన్ని ప్రత్యేకంగా పేర్కొనకపోతే ఆ బదలాయింపు దానికి వర్తించదని 2012 సవరణ 18వ సెక్షన్‌లో చేర్చింది. అక్కడి నుంచి ఒప్పందాలు రాసేవాళ్లు ఈ తరహా మాటలు గట్టిగా పట్టుకున్నారు.

ఆ వాక్యం కొట్టేసి బదలాయింపు బదులు లైసెన్సు, అంటే హక్కు నీ దగ్గరే ఉంచుకుని వాడుకోవడానికి అనుమతి మాత్రమే, ఇస్తానని చెప్పు. 'తెలుగులో, ముద్రిత పుస్తకంగా, ఒక ముద్రణకు, 500 కాపీలకు మించకుండా, 3 సంవత్సరాలు' అని రాస్తే చాలు. ఈబుక్, ఆడియో, అనువాదం, సినిమా, వెబ్ సిరీస్, కృత్రిమ మేధ శిక్షణకు వాడటం — ఇవన్నీ రచయితవే అని పేరుపేరునా రాయించు. ఆడియోని చిన్నదనుకోకు. కథను రికార్డు చేయడం, జనానికి వినిపించడం 14వ సెక్షన్ ప్రకారం విడి హక్కులు. ఈ రోజుల్లో తెలుగు కథకు పుస్తకం కొనేవాళ్ల కంటే చెవులతో వినేవాళ్లే ఎక్కువ దొరుకుతున్నారని నా నమ్మకం.

రాయల్టీ 10 శాతం అన్నారు సరే, దేని మీద? 200 రూపాయల పుస్తకానికి ముఖవిలువ మీదైతే 20 రూపాయలు. దుకాణానికి 40 శాతం కమీషన్ పోగా వచ్చిన సొమ్ము మీదైతే 12 రూపాయలే. ఈ తేడాని ఒక్క మాటలో దాచేస్తారు. 'ముఖవిలువ' అన్న మాట ఉందో లేదో వెతుకు. ఆరు నెలలకొకసారి అమ్మకాల లెక్క ఇవ్వాలనీ, కాపీలు అయిపోయి ఆరు నెలలైనా మళ్లీ అచ్చువేయకపోతే లైసెన్సు ముగిసినట్టేననీ ఇంకో రెండు పంక్తులు చేర్పించు. ఇవి అడిగితే పుస్తకం ఆగిపోతుందేమోనని భయపడకు. అచ్చుఖర్చు కొత్త రచయితలే పెట్టుకుంటున్న కాలంలో హక్కులు కూడా ఇచ్చేయమనడం అన్యాయం, ఆ మాట మర్యాదగానే అనవచ్చు.

ఎవరికి ఏ హక్కు రాసిచ్చినా 57వ సెక్షన్ కింద నీ పేరు నీదే. రచనను నీ పరువు పోయేలా వక్రీకరిస్తే అడ్డుకునే హక్కూ నీదే. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయించుకుంటే రుసుము 500 రూపాయలు, అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగాలి. కోర్టులో అది ప్రాథమిక సాక్ష్యంగా నిలుస్తుంది. నీకు నువ్వే రిజిస్టర్డు పోస్టు చేసుకోమని చెప్పేవాళ్ల మాట వినకు. సంపాదకుడికి కథ పంపిన ఈమెయిలు అంతకంటే మంచి సాక్ష్యం.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. మన డీటీపీ కేంద్రాల్లో ఇప్పటికీ అను ఫాంట్లలో కంపోజ్ చేస్తున్నారు. ఆ ఫైలు యూనికోడ్ (ఏ కంప్యూటర్లోనైనా, ఫోన్లోనైనా ఒకేలా చదవగలిగే అక్షర ప్రమాణం) కాదు. దానిలోని తెలుగును కాపీ చేసి వేరేచోట అతికిస్తే గజిబిజి గుర్తులు వస్తాయి, గూగుల్‌లో వెతికినా దొరకదు. దొంగ కాపీ కోసం నీ వాక్యాన్ని వెతకాలన్నా, రేపు ఈబుక్ చేయాలన్నా యూనికోడ్ ప్రతి కావాలి. ప్రూఫులు దిద్దిన చివరి పాఠం నీ దగ్గర యూనికోడ్‌లో ఉండాలి. పేజీలు పెట్టిన ఓపెన్ ఫైలు (మళ్లీ దిద్దుకోగలిగే మూల ఫైలు) కూడా రచయితకు ఇవ్వాలని ఒప్పందంలో రాయించు. లేకపోతే రెండో ముద్రణకు మళ్లీ మొదటి అక్షరం నుంచి టైపు చేయించుకోవాలి.

ఇక నీ కథ చదివిన ఛానల్. ముందు మర్యాదగా ఒక సందేశం పంపు: పేరు వేయండి, అనుమతి తీసుకోండి, లేదా తీసేయండి. కథ మీద ఇష్టంతో చదివి, అనుమతి అడగాలని తెలియనివాళ్లు వీళ్లలో చాలామంది. వారంలో జవాబు లేకపోతే అప్పుడు యూట్యూబ్‌కు ఫిర్యాదు. దానికి ముందు లింకు, ఛానల్ పేరు, తేదీ, వీక్షణల సంఖ్య కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో. 2013 కాపీరైట్ నిబంధనల్లో 75వది ఫిర్యాదులో ఏముండాలో చెబుతుంది: రచన ఏది, హక్కు నీదని చూపే ఆధారం, అది 52వ సెక్షన్ మినహాయింపుల్లోకి (అనుమతి లేకుండా వాడుకోగల సందర్భాల్లోకి) ఎందుకు రాదో వివరణ, కాపీ ఉన్న చోటు, తెలిస్తే ఎక్కించినవారి వివరాలు, కోర్టులో దావా వేసి 21 రోజుల్లో ఉత్తర్వు తెస్తానన్న హామీ. సరైన ఫిర్యాదు అందిన 36 గంటల్లో ఆ వేదికవాళ్లు చర్య తీసుకోవాలి. 21 రోజుల్లో ఉత్తర్వు రాకపోతే వాళ్లు దాన్ని మళ్లీ పెట్టుకోవచ్చు. ఎక్కువ ఫిర్యాదులు చచ్చిపోయేది ఇక్కడే, దావా వేసే శక్తి లేక. యూట్యూబ్ సొంత ఫారం అమెరికా చట్టం ప్రకారం నడుస్తుంది, నీలాంటివాళ్లకు అదే తేలిక. టెలిగ్రామ్‌లో పీడీఎఫ్‌లు పంచే ఛానళ్లకు పేరూ ఊరూ ఉండవు. అయినా అలాంటి ఛానళ్లు నడిపేవారి వివరాలు ఇవ్వమని ఢిల్లీ హైకోర్టు 2022 ఆగస్టులో టెలిగ్రామ్‌ను ఆదేశించింది.

కానీ ఒక మాట గట్టిగా చెబుతున్నాను. ఎవరైనా నీ కథను ఏకిపారేస్తూ నాలుగు పేరాలు ఉటంకిస్తే దాని మీద ఎప్పుడూ ఫిర్యాదు పెట్టకు. 52వ సెక్షన్ విమర్శకూ, సమీక్షకూ, వర్తమాన వ్యవహారాల నివేదనకూ ఆ స్వేచ్ఛ ఇచ్చింది. ఆ స్వేచ్ఛ నీకూ ఇప్పుడే కావలసి వచ్చింది.

అదే నీ స్ట్రైకు సంగతి. 90 రోజుల్లో మూడు పడితే ఛానల్ పోతుంది. 2025 మే నెలలో, స్ట్రైకులు తీసేయాలంటే లక్షల్లో లైసెన్సు సొమ్ము కట్టమని ఒక వార్తా సంస్థ అడుగుతోందని పలువురు యూట్యూబర్లు బహిరంగంగా చెప్పారు. నాయకుడు జనం ముందు అన్న మాటని, దాన్ని చిత్రీకరించిన కెమెరా ఎవరిదన్న సాకుతో విమర్శకుడి చేతిలోంచి లాక్కోగలిగితే అది పాలించేవాళ్లకు ఎంత అనుకూలమో ఆలోచించు. '30 సెకన్ల లోపు వాడుకోవచ్చు', '10 శాతం దాకా పరవాలేదు' అనేవి చట్టంలో ఎక్కడా లేవు. ఎంత వాడావు, ఎందుకు వాడావు, దాని మీద నీ మాట ఎంత ఉంది, మూలం చెప్పావా అన్నవి చూస్తారు. క్లిప్ ఆపి ఆపి దాని మీద మాట్లాడితే నీ వాదన నిలుస్తుంది. వెనకాల ఊరికే నడిపిస్తూ పోతే నిలవదు.

కౌంటర్ నోటిఫికేషన్ (ఆ ఫిర్యాదు తప్పని యూట్యూబ్‌కు ఇచ్చే జవాబు నోటీసు) పంపితే అవతలివాళ్లు 10 పనిదినాల్లో కోర్టుకెళ్లినట్టు చూపాలి. లేకపోతే వీడియో సాధారణంగా తిరిగొస్తుంది. అయితే ఆ నోటీసులో నీ అసలు పేరు, చిరునామా ఇవ్వాలి, అవి నేరుగా ఫిర్యాదుదారుకి చేరతాయి. కలం పేరుతో రాజకీయాలు రాసే ఆడపిల్లకి ఇది చిన్న విషయం కాదు. లాయరు ద్వారా పంపించు. ఎవరైనా ఆధారం లేకుండా దావా వేస్తామని బెదిరిస్తే 60వ సెక్షన్ కింద నువ్వే వాళ్ల మీద కోర్టుకెళ్లవచ్చు. ఇకముందు సాధ్యమైనంత వరకు గెజిట్, చట్టసభల్లో ప్రవేశపెట్టిన నివేదికలు, కోర్టు తీర్పుల మీద ఆధారపడి రాయి. సాధారణంగా వీటిని పునర్ముద్రించడం ఉల్లంఘన కిందకు రాదు.

సర్కారే నేరుగా ఆపదలిస్తే దారి వేరు. ఆన్‌లైన్‌లో ఉన్నదాన్ని నిలిపివేయించడానికి ఐటీ చట్టం 69ఏ సెక్షన్ ఉంది. ఆ ఉత్తర్వులు గోప్యంగా ఉంటాయి గనక 'భారతదేశంలో అందుబాటులో లేదు' అన్న పలకే నీకు కనిపించవచ్చు. పుస్తకాన్ని జప్తు చేస్తే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన చట్టం) 99వ సెక్షన్ కింద రెండు నెలల్లోగా హైకోర్టుకు వెళ్లాలి, ముగ్గురు న్యాయమూర్తుల బెంచి వింటుంది. ఆ రెండు నెలలు దాటనివ్వకు. 1922లో వచ్చిన 'మాలపల్లి' నవలను మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. దాన్ని రాసిన ఉన్నవ లక్ష్మీనారాయణ 1958లో పోయారు గనక, రచయిత మరణం తర్వాత 60 ఏళ్ల లెక్కన, 2019 జనవరి 1 నుంచి దాన్ని ఎవరైనా అచ్చువేసుకోవచ్చు. నిషేధం వచ్చినా పాఠం నిలవాలంటే ప్రతులు భద్రంగా ఉండాలి. నీ రచనలన్నీ రెండు హార్డ్ డిస్కుల్లో, ఒకటి వేరే ఊళ్లో ఉండేలా పెట్టు.

స్ట్రైకు పడిన తేదీ నువ్వు రాయలేదు. ఆ తేదీ, వచ్చిన ఈమెయిలు, క్లిప్ నిడివి, నీ వీడియోలో అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రాసి పంపు. ఒప్పందాన్ని మాత్రం సంతకం లేకుండా అలాగే ఉంచు. రెండో పేజీ మార్పులు పెన్సిల్‌తో రాసి వెనక్కి పంపుతాను.

ఆశీస్సులతో,
అన్నయ్య