మంత్రగాళ్ల తీర్పుకు కట్టుబడాలా?

ప్రశ్న: మాది చీపురుపల్లి వైపు ఒక పల్లె. మా అప్పకు (అక్కకు) భర్త లేడు, ఒక్కతే ఉంటుంది. పక్కింటి పిల్లాడికి జబ్బు తగ్గడం లేదని, అప్పే చిల్లంగి (చేతబడి) పెట్టిందని పుకారు లేచింది. వేరే ఊళ్ల నుంచి ముగ్గురు గురువులను (మంత్రగాళ్లను) పిలిపించారు. వాళ్లు పెద్దలతో రామమందిరం దగ్గర కూర్చుని, తమలపాకులో అంజనం వేసి చూసి, అప్పదే తప్పని తేల్చారు. యాభై వేలు తప్పు కట్టాలి, లేదంటే ఊరు విడవాలి అన్నారు. మాట వినకపోతే అమ్మవారిని ఇంటి మీదకు పంపుతామన్నారు. ఖాళీ స్టాంపు పేపరు మీద అప్ప చేత వేలిముద్ర వేయించుకున్నారు. మా అబ్బాయి ఫోన్‌లో కొంత వీడియో తీశాడు. ఈ తీర్పు చెల్లుతుందా? అప్ప ఏ పాపం ఎరగదని కోర్టులో నిరూపించగలమా?

జవాబు: చెల్లదు. ఒక్క రూపాయి కూడా కట్టకండి.

మీ రెండో ప్రశ్న దగ్గర కాస్త ఆగాలి. అప్ప చిల్లంగి చేయలేదని మీరు నిరూపించాల్సిన పనే లేదు. మన చట్టంలో చిల్లంగి అనే నేరం లేదు కాబట్టి కోర్టు ఆ విచారణలోకి దిగదు. ఇలాంటప్పుడు కొందరు ఇంకో పెద్ద గురువును తెచ్చి ఎదురు అంజనం వేయిస్తారు. దయచేసి ఆ పని చేయకండి. అది వాళ్ల అధికారాన్ని మీరే ఒప్పుకున్నట్టవుతుంది.

గట్టు తగాదానో, అన్నదమ్ముల పంపకమో ఇరువైపులా ఇష్టపడితే పెద్దమనుషులు సర్దవచ్చు, అందులో తప్పు లేదు. మనిషిని దోషిగా తేల్చి శిక్ష వేసే అధికారం మాత్రం వాళ్లకు లేదు. ఖాప్, కట్ట పంచాయతీలు (కులపెద్దలు, ఊరిపెద్దలు సొంతంగా నడిపే తీర్పు సభలు) చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు 2011లోనే అరుముగం సేర్వై కేసులో చెప్పింది.

ఇక నేరం ఎవరిదో చూద్దాం. భయపెట్టి సంతకం పెట్టిన కాగితం తీసుకోవడం ఇప్పటి శిక్షా చట్టమైన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 308 కింద బలవంతపు వసూలు, ఏడేళ్ల వరకు జైలు. డబ్బు ఇంకా చేతులు మారకపోయినా ఆ వేలిముద్ర చాలు. ఊరు విడవాలని బెదిరించడం సెక్షన్ 351 కింద నేరం. 'అమ్మవారిని పంపుతాం' అన్న మాటకు కూడా సెక్షన్ ఉందంటే చాలామంది నమ్మరు. తన చేతలతో దైవాగ్రహం కలిగిస్తానని నమ్మించి ఎవరిచేతనైనా పని చేయించబోతే సెక్షన్ 354 కింద ఏడాది వరకు జైలు. పాత ఐపీసీ (ఇండియన్ పీనల్ కోడ్)లో ఇదే 508.

మీరు కులం రాయలేదు. మీరు ఎస్సీ లేదా ఎస్టీ అయి, నింద వేసినవాళ్లు ఆ వర్గాలకు చెందకపోతే అట్రాసిటీ చట్టం కూడా వర్తిస్తుంది. మంత్రగత్తె అని నిందించి బాధపెట్టడాన్ని సెక్షన్ 3(1)(జెడ్‌బి) నేరంగా పేర్కొంది. పక్కనున్న ఒడిశాలో ఇలాంటి వేధింపులకు 2013 నాటి ప్రత్యేక చట్టమే ఉంది. మనకు లేదు, ఉండాలన్నది నా అభిప్రాయం.

నాకు టెన్షన్ అంతా ఆ స్టాంపు పేపరు గురించే. రేపు దాని మీద అప్పు రాసుకుని దావా వేయవచ్చు. బలవంతంగా వేయించిన వేలిముద్ర కాబట్టి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 19 కింద ఆ పత్రాన్ని రద్దు చేయించుకోవచ్చు. అయితే ఈ మాట మీరు ఇప్పుడే కాగితం మీద పెట్టాలి. ఎలా వేయించారో, ఎవరెవరున్నారో రాసి, పేపరు తిరిగి ఇమ్మని వాళ్లకు రిజిస్టర్డ్ నోటీసు పంపండి. పోలీసు ఫిర్యాదులోనూ ఈ విషయం మొదటి పేరాలోనే ఉండాలి.

స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి. అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్లవచ్చు. ఈలోగా ఎవరైనా ఇంటి మీదకు వస్తే 112కు ఫోన్ చేయండి. అప్పను కొన్నాళ్లు మీ ఇంట్లో ఉంచుకోండి, కానీ ఆమె ఇల్లు ఖాళీ చేయకండి, సామాన్లు అక్కడే ఉండనివ్వండి.

లాయరు ఫీజు గురించి బెంగ వద్దు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. విజయనగరంలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు వీడియో తీసిన ఫోన్‌నే పట్టుకెళ్లండి. వాట్సాప్‌లో వచ్చిన కాపీ మీదే ఆధారపడవద్దు. కేసు తేలేదాకా ఆ ఫోన్ అమ్మకండి, ఫార్మాట్ చేయకండి.