మూతి బిగించిన పీవీ, ఇంట్లో పీవీ

ప్రశ్న: మా హన్మకొండలో పీవీ పేరెత్తితే చాలు, వాదన మొదలైతది. మాట్లాడడు, ఏదీ తేల్చడు అంటారు. ఇంట్లోనూ అంతేనా?

జవాబు: ఆ బిగించిన మూతి ఫొటోల్లోది. ఇంట్లో ఆయన పుస్తకాల పురుగు. విశ్వనాథ సత్యనారాయణ నవల ‘వేయిపడగలు’ను ‘సహస్రఫణ్’గా హిందీలోకి తెచ్చారు. అరవై దాటాక కంప్యూటర్ ముందు కూర్చొని కోబాల్, బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషలు నేర్చుకున్నారు. కోబాల్‌లో చుక్క తప్పు చోట పడితే లెక్కంతా తారుమారే. ఓపిక లేనివాడికి అబ్బే విద్య కాదది.

‘తేల్చడు’ అన్నది సగమే నిజం. ప్రధానిగా పరిశ్రమల శాఖను తన దగ్గరే ఉంచుకొని, 1991 జులై 24న, బడ్జెట్ రోజే, పరిశ్రమ పెట్టాలంటే సర్కారు అనుమతి ఉండాలనే లైసెన్సుల విధానానికి చాలావరకు స్వస్తి చెప్పారు. చడీచప్పుడు లేదు, పెద్ద ఉపన్యాసమూ లేదు. అంతకుముందు, తానే వంగర ఊరి భూస్వామి అయ్యుండీ, ముఖ్యమంత్రిగా, ఒకరి దగ్గర ఇంతకు మించి భూమి ఉండకూడదనే భూపరిమితి చట్టం పట్టుకున్నారు. సాటి దొరలకు అది మింగుడుపడలేదు.

అయితే బాబ్రీ మసీదు కూలిన 1992 డిసెంబర్ 6ను ఈ పుస్తకాల మనిషితో కప్పిపుచ్చలేం. పరిశ్రమల విషయంలో పనికొచ్చిన ఆ మౌనమే అయోధ్య దగ్గర బెడిసికొట్టింది. రెండు చోట్లా మనిషి ఒక్కడే.