అదే మాత్ర, అదే డోసు.. ఆడవాళ్లకే ఇబ్బందులు ఎక్కువా?

ప్రశ్న: నాకు 39 ఏళ్లు, బరువు 44 కిలోలు. ఎనిమిది నెలల కిందట సీఎంఎల్ రకం బ్లడ్ క్యాన్సర్ అని తేలింది. రోజూ ఇమాటినిబ్ 400 మి.గ్రా. మాత్ర వేసుకుంటున్నాను. పొద్దున లేచేసరికి కళ్ల చుట్టూ వాపు, రాత్రిళ్లు పిక్కలు పట్టేయడం, వికారం. ఓపీలో పరిచయమైన ఒకాయన ఇదే మాత్ర వాడుతున్నారు, ఆయనకు ఏ ఇబ్బందీ లేదట. ఈ మందు ఆడవాళ్లకు పడదా? రోజు విడిచి రోజు వేసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: రోజు విడిచి రోజు వద్దమ్మా. సీఎంఎల్‌లో మాత్రలు తరచూ మానేస్తే జబ్బు మళ్లీ తిరగబెట్టొచ్చు. ఈ మందు ఆడవాళ్లకు పడదన్నదీ నిజం కాదు. కాకపోతే మీ బాధకు కారణం ఉంది, దాన్ని ఓర్చుకుంటూ కూర్చోవాల్సిన పని లేదు.

అమెరికాలో దాదాపు 40 ఏళ్ల పాటు జరిగిన క్యాన్సర్ ట్రయల్స్‌లోని 23 వేల మందికి పైగా రోగుల వివరాలను 2022లో కలిపి పరిశీలించారు. తీవ్రమైన దుష్ప్రభావాల ముప్పు మగవాళ్ల కంటే ఆడవాళ్లలో 34 శాతం ఎక్కువని తేలింది. కీమో, ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక శక్తితో క్యాన్సర్‌ను ఎదుర్కొనే చికిత్స)లతో పాటు మీరు వాడుతున్నలాంటి టార్గెటెడ్ మందుల్లోనూ, అంటే క్యాన్సర్ కణాలను పెంచే అంశాన్ని గురిచూసి అడ్డుకునే మందుల్లోనూ ఈ తేడా కనిపించింది. అన్ని మందులకూ ఇదే వర్తించదు. పెద్దపేగు క్యాన్సర్‌లో ఇచ్చే సెటుక్సిమాబ్‌తో ముఖం మీద మొటిమల్లా వచ్చే దద్దుర్లు మగవాళ్లకే ఎక్కువ.

కీమో ఇంజెక్షన్లు చాలావరకు ఎత్తు, బరువు లెక్కగట్టి ఇస్తాం. టార్గెటెడ్ మాత్రలు అలా కాదు. 44 కిలోల మీకూ 400, 85 కిలోల మనిషికీ 400. సగటున ఆడవాళ్ల రక్తంలో ఇమాటినిబ్ మోతాదు కాస్త ఎక్కువగా ఉంటుంది. అయితే మనిషికీ మనిషికీ మధ్య ఉండే తేడా దానికంటే చాలా పెద్దది. అందుకే ఆడవారన్న ఒక్క కారణంతో డోసు తగ్గించం. కొత్త మందుల ట్రయల్స్‌లోనే ఆడవాళ్ల డోసును విడిగా పరిశీలించాలన్నది మాత్రం నా గట్టి అభిప్రాయం.

మాత్రను ఖాళీ కడుపుతో వేసుకోకండి. అన్నం తిన్నాక పెద్ద గ్లాసుడు నీళ్లతో వేసుకోండి, వెంటనే పడుకోవద్దు. వికారం చాలామందికి దీనితోనే తగ్గుతుంది. పిక్కల నొప్పికి క్యాల్షియం, మెగ్నీషియం, ఫాస్పరస్ పరీక్షలు చేయించాలి. రోజూ పొద్దున్నే బరువు చూసుకుని రాసిపెట్టండి. కళ్ల చుట్టూ వాపు ప్రమాదకరం కాదు. కానీ బరువు ఒక్కసారిగా పెరిగినా, ఆయాసం వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. పంపరపనస, గ్రేప్‌ఫ్రూట్ తినకండి, అవి రక్తంలో మందు పెరిగేలా చేస్తాయి. నాటు మందులు, నొప్పి మాత్రలు వాడుతుంటే దాచకుండా చెప్పండి.

జబ్బు ఎంత అదుపులో ఉందో తెలియడానికి మూడు నెలలకోసారి చేసే బీసీఆర్-ఏబీఎల్ రక్తపరీక్ష రిపోర్టులన్నీ, బరువు రాసిన కాగితం పట్టుకుని మీ హెమటాలజిస్టును (రక్త జబ్బుల డాక్టరును) కలవండి. జబ్బు బాగా అదుపులో ఉండి, ఇబ్బందులు తగ్గకపోతే 300కు తగ్గించడమో, మందు మార్చడమో ఆయన నిర్ణయిస్తారు. ఇంకో మాట. ఇమాటినిబ్ కడుపులోని బిడ్డకు హాని చేస్తుంది. గర్భం రాకుండా తగిన జాగ్రత్త తీసుకోండి. నెలసరి తప్పితే ఆలస్యం చేయకుండా ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయండి.