సమాధానం: విద్యుత్, టెలికాం నెట్‌వర్క్‌లను ఒకే మోడల్‌లో కలపడం

మీరు విద్యుత్, టెలికాం నెట్‌వర్క్‌లను విడివిడి మోడల్‌లుగా పరీక్షించి, మోడల్‌లోంచి ఒక సబ్‌స్టేషన్‌ను తీసేసినా పెద్ద నష్టం కనిపించడం లేదని రాశారు. లోపం లెక్కలో లేదు, ఆ రెండింటినీ కలిపే ఎడ్జ్‌లు (మోడల్‌లో ఒక చోటును మరో చోటుతో కలిపే గీతలు) లేకపోవడంలో ఉంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు కరెంటుతోపాటు మంచినీళ్లు, సెల్‌ఫోన్లు కూడా నిలిచిపోయాయి. గాలికి కూలని టవర్ సైతం బ్యాటరీ, ఆపైన జనరేటర్‌లో డీజిల్ ఉన్నంతసేపే పనిచేస్తుంది. డీజిల్ రావాలంటే రోడ్డుమీద పడిన చెట్లు తొలగాలి, తీగ ఎక్కడ తెగిందో లైన్‌మన్ చెప్పాలంటే మళ్లీ ఆ టవరే కావాలి. అందువల్ల ఒకటి మరొకదానిపై ఆధారపడే ప్రతి సంబంధాన్నీ దిశ గల ఎడ్జ్‌గా తీసుకొని, ఎన్ని గంటలు తట్టుకోగలదన్న గడువును దానికి జతచేసి, సిమ్యులేషన్‌ను గంటల వారీగా నడపండి. డిగ్రీ (ఒక చోట కలిసే ఎడ్జ్‌ల సంఖ్య) వంటి సూచికలు ఇక్కడ చాలవని నా అభిప్రాయం: పంపుహౌస్‌కూ టెలిఫోన్ ఎక్స్ఛేంజికీ ఏకైక దిక్కైన చిన్న ఫీడరే (సబ్‌స్టేషన్ నుంచి కరెంటు తెచ్చే లైనే), అనేక లైన్లు కలిసే సబ్‌స్టేషన్ కన్నా బలహీనమైన చోటుగా తేలవచ్చు.