ఆ రెండు శిక్షణలనూ ఒకటిగానే పెట్టండి

మేడం గారూ, నమస్కారం. గోదావరి పాయల మధ్యనున్న మీ లంక ప్రాంతపు ఉన్నత పాఠశాలలో సిబ్బందికి రెండు శిక్షణలు పెట్టాలనుకుంటున్నట్టు రాశారు. మానసిక గాయాలకు లోనైన పిల్లలతో ఎలా మెలగాలన్నది ఒకటి, కుల సమానత్వం గురించినది రెండవది. మొదటిదానికి అందరూ సంతోషంగా ఒప్పుకున్నారనీ, రెండవదాని పేరెత్తగానే "మేము అందరినీ సమానంగానే చూస్తున్నాం కదా, మాకెందుకు?" అని ముఖం ముడుచుకున్నారనీ, కాబట్టి దాన్ని వచ్చే ఏడాదికి వాయిదా వేయవచ్చా అనీ అడిగారు. వాయిదా వేయవద్దన్నది నా సలహా. అంతేకాదు, రెండింటినీ కలిపి ఒకే శిక్షణగా పెట్టండి. కోనసీమ బడుల్లో చాలా ఏళ్లు పాఠాలు చెప్పి, స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ఈ విషయం మీద రిసోర్స్ పర్సన్‌గా పనిచేసిన అనుభవంతో ఈ మాట అంటున్నాను.

2022 మన ప్రాంతానికి ఎలాంటి సంవత్సరమో మీకు తెలియనిది కాదు. ఏప్రిల్‌లో కొత్తగా కోనసీమ జిల్లా ఏర్పడింది. దానికి అంబేద్కర్ గారి పేరు పెట్టడంపై రేగిన గొడవలో మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబడ్డాయి, రోజుల తరబడి ఇంటర్నెట్ ఆగిపోయింది. జూలైలో బడులు తెరిచిన కొద్ది రోజులకే ధవళేశ్వరం దగ్గర గోదావరి 25 లక్షల క్యూసెక్కులు దాటి లంకలను ముంచెత్తింది. తన దళిత పేటవైపు ఊరు ఎలా చూస్తోందో వేసవిలో గమనించిన పిల్లవాడే, వానాకాలంలో తల్లిదండ్రుల వెంట ఏటిగట్టు ఎక్కి, నీళ్లు తీశాక మళ్లీ వచ్చి మన తరగతిలో కూర్చున్నాడు. వాడి భయంలో వరద వాటా ఎంత, కులం వాటా ఎంత అని విడదీసి ఒకదానికి ఈ ఏడూ మరొకదానికి పై ఏడూ మందు వేయడం ఎవరి వల్లా కాదు.

పిల్లల మానసిక గాయాలను గుర్తించి మెలగాలన్న ఆలోచన పెరిగిన అమెరికాలోనూ అనుభవం ఇదే నేర్పింది. చిన్ననాటి హింస, నిర్లక్ష్యం, ఇంట్లోని కలతలు పెద్దయ్యాక కూడా ఆరోగ్యాన్ని దెబ్బతీస్తాయని ఫెలిట్టి, ఆండా అనే వైద్యులు 1998లో ప్రకటించిన అధ్యయనంలో చూపించారు. అయితే అందులో పాల్గొన్నవారిలో ఎక్కువమంది ఆరోగ్య బీమా ఉన్న శ్వేతజాతీయులు కావడం, జాతి వివక్ష గురించి ప్రశ్నే లేకపోవడం లోపమని గుర్తించి, తరువాత ఫిలడెల్ఫియా నగరంలో చేసిన సర్వేలో ఆ ప్రశ్నను చేర్చారు. మానసిక ఆరోగ్యం చూసే అక్కడి ప్రభుత్వ సంస్థ సామ్‌సా ఇలాంటి గాయాల గురించి 2014లో ఇచ్చిన మార్గదర్శకాల్లోని ఆరు సూత్రాల్లో చివరిది సంస్కృతి, చరిత్ర, స్త్రీపురుష భేదాల వల్ల కలిగే గాయాలను గుర్తించడం. నల్లజాతి పిల్లలను బడి నుంచి సస్పెండ్ చేయడం శ్వేతజాతి పిల్లల విషయంలో కంటే ఎక్కువగా జరుగుతోందని అక్కడి విద్యాశాఖ పౌరహక్కుల విభాగం లెక్కలు పదేపదే చూపాయి. జాతి, కులం ఒకటి కావు. వాటి చరిత్రలు వేరు. అయినా బెదిరిపోయిన పిల్లవాడి ప్రవర్తనను పెద్దలు ఎలా అర్థం చేసుకుంటారన్నది ఆ పిల్లవాడు ఎవరి బిడ్డ అన్నదాన్ని బట్టి మారిపోవడం మాత్రం అక్కడా ఉంది, ఇక్కడా ఉంది.

దీన్ని నేను కళ్లారా చూశాను. వరద తీశాక ఒక బడిలో ఏడో తరగతి కుర్రవాడొకడు మబ్బు పట్టిందంటే చాలు, పుస్తకాల సంచీ ఒళ్లో పెట్టుకుని గుమ్మం దగ్గరి బెంచీకి జరిగేవాడు. పాఠం వినడు, పిలిస్తే పలకడు. అదే తరగతిలో మరొక కుర్రవాడు, గోడ మీద వరద మరక ఇంకా కనబడే గదిలోకి రానని మొండికేసేవాడు. స్టాఫ్‌రూమ్‌లో రెండవవాడి గురించి "పాపం, బాగా జడుసుకున్నాడు" అన్నారు. మొదటివాడి గురించి "పొగరు, ఆ పేట పిల్లలంతా ఇంతే" అన్నారు. తరువాత విచారిస్తే తేలిందేమిటంటే, మొదటివాడి తల్లి ఇంటిపని కోసం కువైట్ వెళ్లింది. నీళ్లు వస్తే పక్కనున్న ప్రాథమిక పాఠశాల నుంచి చెల్లెల్ని తీసుకుని పడవ రేవుకు చేరే బాధ్యత తండ్రి వాడికి అప్పగించాడు. వాడు గుమ్మం దగ్గర కూర్చునేది చెల్లెలి బడి గేటు అక్కడి నుంచి కనబడుతుంది కాబట్టి. గాయాల గురించి ఎంత చక్కగా శిక్షణ ఇచ్చినా, ఆ పేట పిల్లలంతా ఇంతే అన్న మాట అలాగే ఉండిపోతే, ఆ శిక్షణ ఫలం రెండవ కుర్రవాడికే దక్కుతుంది.

కాబట్టి ఉపన్యాసంతో మొదలుపెట్టకండి. గత నెలలో తాము ఎవరిని నిలబెట్టారో, ఎవరిని బయటికి పంపారో, ఎవరి తండ్రిని పిలిపించారో ప్రతి ఉపాధ్యాయుడినీ ఒక కాగితం మీద తమ పేరు రాయకుండా వ్రాయమనండి. పక్కన ఆ పిల్లలు ఏ పేట నుంచి, ఏ లంక నుంచి వస్తున్నారో కూడా వ్రాయించండి. అన్నీ కలిపి బల్ల మీద పరచినప్పుడు కనబడేది వాళ్లు వ్రాసినదే గనుక, "సమానంగానే చూస్తున్నాం" అన్న మాటపై మీరు వాదించవలసిన అవసరం ఉండదు. ఈ అభ్యాసం తరువాత గది కాసేపు నిశ్శబ్దమైపోతుంది. వెంటనే ఎవరినీ తప్పుపట్టకుండా ఆ నిశ్శబ్దాన్ని అలాగే ఉండనివ్వండి. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననే కాక మానసిక వేధింపును కూడా నిషేధిస్తోందన్న విషయం ఆ తరువాత చెబితే చెవికెక్కుతుంది.

ఆ మీదట బడి దినచర్యను గంట గంటకూ నడిపించి చూడండి. స్కాలర్‌షిప్ వివరాల కోసం తరగతిలో "ఎస్సీ పిల్లలు లేచి నిలబడండి" అనడం మన బడుల్లో ఎంత మామూలైపోయిందో మీకు తెలుసు. ఆ వివరాలు అడ్మిషన్ రిజిస్టర్‌లో ఉంటాయి, లేదా ఒక్కొక్కరినీ ఆఫీసు గదికి పిలిచి అడగవచ్చు. వరదలో పుస్తకాలు పోయిన పిల్లవాణ్ణి అందరి ఎదుట "పుస్తకమేదిరా?" అని అడగడం కూడా ఇలాంటిదే. కనకాయలంక లాంటి చోట్ల కాజ్‌వే మునిగితే పిల్లలు పడవ మీదే రావాలి కదా. ఆలస్యానికి ప్రార్థనలో విడిగా నిలబెట్టే అలవాటు ఆ రోజుల్లో ఎవరిని శిక్షిస్తోందో ఒక్కసారి ఆలోచించమనండి.

మధ్యాహ్న భోజనం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగండి. వంట పనివారి నియామకంలో దళితులకు, గిరిజనులకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లోనే ఆదేశించింది. మన రాష్ట్రంలో ఇప్పుడు ఆ పథకం, వేళకాని వేళ వచ్చినవారికి కూడా అన్నం పెట్టిన లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారి పేరు మీద నడుస్తోంది. అయినా ఎవరు వండితే ఎవరు ఇంటి నుంచి క్యారేజీ తెచ్చుకుంటున్నారు, ఎవరెవరు ఒక వరుసలో కూర్చుంటున్నారు అన్నది పిల్లలందరూ గమనిస్తూనే ఉంటారు. ఉపాధ్యాయులు అదే వరుసలో కూర్చుని అదే అన్నం తినడం కంటే గట్టి పాఠం ఈ విషయంలో నాకు తెలియదు.

శిక్షణకు ఉపాధ్యాయులతో పాటు వంట చేసేవారినీ, ఆయానూ, వాచ్‌మన్‌నూ కూడా పిలవండి, వారికి కూడా కుర్చీ వేయండి. ఏడ్చే పిల్ల మొదట వెళ్లేది చాలాసార్లు ఆయా దగ్గరికే. వరదలో ఇల్లు మునిగినవారు సిబ్బందిలోనూ ఉంటారు కాబట్టి ఎవరి కథనూ బలవంతంగా చెప్పించకండి. ముఖ్యంగా మీ దళిత సహోద్యోగులను "మీ అనుభవం చెప్పండి" అని నలుగురిలో నిలబెట్టవద్దు. అది వారికి ఇష్టమైతే చెప్పుకునే విషయమే తప్ప, మిగతావారి చదువు కోసం వారు మోయవలసిన బరువు కాదు.

ఉపాధ్యాయుడు వైద్యుడు కాడన్న సంగతి కూడా స్పష్టంగా చెప్పండి. మన పని పిల్లవాడి మాట వినడం, తరువాత ఏమి జరగబోతోందో ముందుగా చెప్పి నమ్మకం కలిగించడం, అవసరమైతే మానసిక ఆరోగ్య సహాయానికి 14416 టెలీమానస్‌కు గానీ 1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌కు గానీ దారి చూపించడం. లైంగిక వేధింపు అనుమానం కలిగితే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి గనుక, "ఎవరికీ చెప్పను" అని పిల్లకు మాట ఇవ్వకూడదన్నది ప్రతివారికీ తెలిసి ఉండాలి.

ఒక్క రోజు శిక్షణతో అలవాట్లు మారవు. వరద హెచ్చరికలు రాకముందే జూన్ చివరిలో ఒక పూర్తి రోజు కేటాయించండి. ఆపైన ప్రతి నెలా స్టాఫ్ మీటింగ్‌లో అరగంట సేపు ఒకే ఒక పిల్లవాడి విషయం, పేరు చెప్పకుండా, "వీడికేమైంది?" అన్న ప్రశ్నతో చర్చించండి. శిక్షల కాగితాల అభ్యాసాన్ని దసరా సెలవుల ముందు ఒకసారి, సంక్రాంతి సెలవుల ముందు ఒకసారి మళ్లీ చేయించి మొదటివాటితో పోల్చండి. ఆ కాగితాలను మండల విద్యాధికారి (ఎం.ఇ.ఒ.) కార్యాలయానికి పంపవద్దు, పైకి వెళ్తాయన్న అనుమానం ఒక్కసారి కలిగిందంటే రెండవ విడతలో ఎవరూ నిజం వ్రాయరు. మీ బీరువాలోనే ఉంచండి.