కొత్త సైకిల్ కొనేముందు ఆ మోకాలి సంగతి చూద్దాం

బుజ్జీ,

నువ్వు పంపిన మెసేజీ రెండుసార్లు చదివాను. 74 కిలోమీటర్లు, సగటు వేగం 21.4, ఆగిన సమయం 38 నిమిషాలు, గోడకి ఆనించిన సైకిల్ ఫొటో. అన్నిటికన్నా కింద ఒక్క లైను: "కుడి మోకాలు పట్టేసింది, చేతులు తిమ్మిరెక్కాయి, ఈ సైకిల్ నాకు సరిపోదేమో, కొత్తది చూడమంటావా పెదనాన్నా?" అని.

నేను వెతుక్కున్నది ఆ ఆఖరి లైనే. నువ్వు దాన్ని ఏదో సంజాయిషీలాగా చివర్న పెట్టావు గానీ, నీ రైడు మొత్తంలో మనకి పనికొచ్చే కబురు అదే. ఇంకొంచెం వివరంగా రాసి ఉంటే బావుండేది. మోకాలు ముందు వైపు, చిప్ప కింద నొప్పా? వెనక మడత దగ్గరా? ఎన్నో కిలోమీటరు నుంచి మొదలైంది? ఎత్తు ఎక్కేటప్పుడే ఉందా, చదును రోడ్డు మీద కూడానా? తిమ్మిరి పట్టింది చిటికెన వేలు, ఉంగరం వేలా, లేక బొటనవేలు వైపా? ఈ నాలుగూ తెలిస్తే కొత్త సైకిల్ మాట ఇప్పట్లో ఎత్తక్కర్లేకపోవచ్చు.

ఫొటో చూసి నేను ఊహించింది చెబుతాను. నీ సీటు కిందికి ఉంది. సీటు మరీ కిందికుంటే పెడల్ పైకొచ్చిన ప్రతిసారీ మోకాలు ఎక్కువగా మడుచుకుంటుంది, ఆ మడతలోనే బలమంతా పెట్టి తొక్కాలి. భారం మోకాలి చిప్ప మీద పడుతుంది, నొప్పి ముందు వైపు వస్తుంది. మరీ పైకుంటే కాలు సాగుతుంది, అప్పుడు వెనక మడత దగ్గర లాగుతుంది. చూసుకోవడం తేలిక. గోడ పట్టుకుని సీటు మీద సరిగ్గా కూర్చో. మడమని పెడల్ మీద పెట్టి, పెడల్‌ని అన్నిటికన్నా కిందికి తీసుకెళ్ళు. కాలు పూర్తిగా చాచుకోవాలి, నడుము మాత్రం ఒక పక్కకి ఒరగకూడదు. తర్వాత మామూలుగా తొక్కేటట్టు పాదం ముందు భాగాన్ని పెడల్ మీద పెడితే మోకాలు కొద్దిగా వంగుతుంది. ఆ కాస్త వంపు చాలు.

ఒకేసారి రెండు అంగుళాలు ఎత్తెయ్యకు తల్లీ. మూడు నాలుగు మిల్లీమీటర్లు ఎత్తు, ఓ రెండు రైడ్లు తొక్కు, మళ్ళీ చూడు. ఒంటికి కొత్త కొలత అలవాటు కావడానికి కాస్త టైము పడుతుంది. ఎవరినైనా వెనక నుంచి చూడమను. నువ్వు తొక్కుతుంటే నడుము అటూ ఇటూ ఊగుతోందంటే సీటు ఎక్కువ ఎత్తయిపోయినట్టు. ఇంకోటి, సీటు గొట్టం మీద ఒక గీత ఉంటుంది, అది ఎప్పుడూ ఫ్రేము లోపలే ఉండాలి. బయటికి కనిపించేదాకా లాగితే గొట్టం విరుగుతుంది, ఫ్రేము కూడా పాడవుతుంది.

చేతుల తిమ్మిరి చిటికెన వేలు, ఉంగరం వేలు వైపు అయితే అరచేతి అంచున పోయే నరం నొక్కుకుపోతోందని అర్థం. ఒంటి బరువు చేతుల మీద ఎక్కువగా వాలుతోంది. సీటు ముక్కు కిందికి వంగి ఉందేమో చూడు. ఉంటే నువ్వు తెలియకుండానే ముందుకి జారుతూ, చేతులతో నెట్టుకుంటూ కూర్చుంటావు. ముందు దాన్ని సమంగా చెయ్యి. మోచేతులు బిగదీసి పట్టకు, కాస్త వంచి ఉంచు. పది నిమిషాలకోసారి పట్టు మార్చు.

టైర్లలో గాలి సంగతి కూడా అడగాలి. టైరు పక్కన రాసి ఉన్న పెద్ద అంకె దాకా కొట్టావా? చాలామంది అలాగే కొడతారు. ఆ అంకె దాటకూడని హద్దు, అంతదాకా నింపమని కాదు. 1887లో డన్లప్ అనే పశువుల డాక్టరు తన కొడుకు మూడు చక్రాల సైకిల్ కుదుపులకి విసిగి గాలి టైరు చేశాడు. గాలి నింపింది మెత్తదనం కోసం. దాన్ని రాయిలా బిగిస్తే గరుకు రోడ్డు మీద ప్రతి గులకరాయీ నీ మణికట్టు దాకా వస్తుంది. నీ టైర్లు 32 మిల్లీమీటర్లవి, నీ బరువు అరవై లోపే కదా, వెనక 55, ముందు 50 పీఎస్ఐతో (గాలి పంపు మీటరు మీద కనిపించే కొలత) మొదలుపెట్టి చూడు. గుంతలో పడ్డప్పుడు రిమ్ము తగిలిన చప్పుడు వస్తే ఓ అయిదు పెంచు.

ఇవన్నీ చేశాక కూడా ఈ సైకిల్ నచ్చకపోతే అప్పుడు కొత్తదాని గురించి మాట్లాడుకుందాం. నేనేమీ కొత్త సైకిళ్ళకి అడ్డు కాదు. మంచి సైకిల్ చూస్తే ఈ వయసులో కూడా నాకు చేతులు ఊరుకోవు. కానీ ఒక కథ చెప్పనీ. 1993 జూలైలో గ్రేమ్ ఓబ్రీ అనే స్కాట్లాండ్ రైడరు గంటలో ఎవరు ఎక్కువ దూరం తొక్కుతారన్న రికార్డు కోసం నార్వేలోని హామర్ ట్రాకుకి వెళ్ళాడు. అంతకు ముందు ఆయన సొంత చేతులతో ఒక సైకిల్ చేసుకున్నాడు, అందులో వాషింగ్ మెషీన్ నుంచి తీసిన బేరింగులు కూడా వాడాడు. రికార్డు కోసం అదే నమూనాలో ఇంకొకరు చక్కగా తయారుచేసిన సైకిల్ ఎక్కాడు. దాదాపు కిలోమీటరు తక్కువ పడింది. మర్నాడు పొద్దున్నే తన పాత సైకిల్ ఎక్కి 51.596 కిలోమీటర్లు తొక్కి రికార్డు కొట్టాడు. వారం తిరక్కుండానే ఇంకొకరు ఆ రికార్డు దాటేశారు, అది వేరే సంగతి. ఆ పాత సైకిల్లో ప్రతి కొలతా ఆయన ఒంటిని బట్టి, ఆయన చేత్తో కుదిరింది. నీ సైకిల్ని నువ్వింకా అలా కుదుర్చుకోలేదు. అందుకే దాన్ని అప్పుడే కాదనకు అంటున్నాను.

దాన్ని తెలుసుకోవడం చైనుతో మొదలుపెట్టు. ముందు గుడ్డతో పట్టుకుని పెడల్ వెనక్కి తిప్పుతూ తుడువు. నల్లటి జిడ్డంతా గుడ్డకి అంటి, పిన్నులు మెరుస్తూ కనిపించేదాకా. తర్వాత అంగుళాల స్కేలు తీసుకుని సున్నాని ఒక పిన్ను నడిమధ్యకి పెట్టు. కొత్త చైను అయితే సరిగ్గా 12 అంగుళాల గీత మీద ఇంకో పిన్ను నడిమధ్య కూర్చుంటుంది. అరిగేకొద్దీ ఆ పిన్ను గీత దాటి జరుగుతుంది. అంగుళంలో పదహారో వంతు దాటిందా, చైను మార్చెయ్యి. ఎనిమిదో వంతు దాకా వదిలేస్తే వెనక పళ్ళ చక్రాలు కూడా దానితోపాటు అరిగిపోతాయి, కొత్త చైను వాటి మీద జారుతుంది. తుడిచిన చైనుకి లింకుకో చుక్క నూనె చాలు. వేశాక పైపైన ఉన్నది మళ్ళీ తుడిచెయ్యి, లేకపోతే దుమ్ము పడుతుంది.

ఇక నీ రైడు గురించి చెప్పే పద్ధతి. సగటు వేగం రాయొద్దనను, రాయి. కానీ దాని పక్కన గాలి ఎటు నుంచి వీచిందో రాయి, ఎక్కడ కాళ్ళు బరువెక్కాయో, ఏం తిన్నాక తేలికయ్యాయో రాయి. నేను నేర్చుకున్న మంచి పనుల్లో సగం తోటి రైడర్లు చెప్పిన ఇలాంటి కబుర్ల నుంచే వచ్చాయి. ఒకసారి నాకు గంట తేడాలో రెండుసార్లు ఒకే చక్రం పంక్చరైంది. మొదటిసారి ట్యూబు మార్చి, టైరు లోపల వెతక్కుండా ఎక్కించేశాను. టైరులో ఇరుక్కున్న సన్నటి ఇనప తీగ ముక్క కొత్త ట్యూబుని కూడా పొడిచేసింది. రెండో ట్యూబు లేక చాలా దూరం తోసుకుంటూ నడిచాను. ఆ కథ చెప్పుకున్నప్పుడు ఒకాయన తన అలవాటు చెప్పాడు. టైరు మీద పేరు రాసి ఉన్నచోటు ఎప్పుడూ వాల్వు పక్కనే వచ్చేలా ఎక్కిస్తాడట. ట్యూబులో రంధ్రం వాల్వు నుంచి ఎంత దూరంలో ఉందో కొలిస్తే, టైరులో ముల్లు ఎక్కడుందో వెంటనే దొరుకుతుంది. ట్యూబు తిరగబడి ఉండొచ్చు కాబట్టి వాల్వుకి రెండు వైపులా అంతే దూరంలో చూసుకోవాలి, ఒకటే. అప్పటి నుంచి నేను వేరేలా టైరు ఎక్కించలేదు. ఆయన తన రైడు వేగం మాత్రమే చెప్పి ఊరుకుంటే నాకు ఇది తెలిసేదా?

నీకు 200 కిలోమీటర్ల బ్రెవే, అంటే గడువు లోపల పూర్తిచేయాల్సిన దూరపు రైడు, మీద కన్నుందని మీ నాన్న చెప్పాడు. దానికి 13 గంటల 30 నిమిషాల గడువు, ఆగిన సమయంతో కలిపి. నీ 74 కిలోమీటర్లని ఆ 38 నిమిషాలతో కలిపి లెక్కేశాను. గంటకు 18 పైనే పడుతుంది. అదే నడక నిలబెట్టుకుంటే 200 కిలోమీటర్లు సుమారు పదకొండు గంటల్లో అయిపోతాయి, దాదాపు రెండున్నర గంటలు చేతిలో మిగులుతాయి. కాబట్టి వేగం పెంచాలన్న తొందర వద్దు. పదో గంటలో కూడా మోకాలు నొప్పి లేకుండా, చేతులు తిమ్మిరెక్కకుండా కూర్చోగలగాలి, మనం చూసుకోవాల్సింది అదొక్కటే. ఫ్రాన్సులో వెలోసియో అనే పేరుతో రాసిన పోల్ దె వివీ, ఆకలి వేయకముందే తినమనీ, దాహం వేయకముందే తాగమనీ, పక్కవాళ్ళకి చూపించుకోవడం కోసం ఎప్పుడూ తొక్కొద్దనీ తోటి రైడర్లకి చెప్పేవాడు. ఆయన పోయింది 1930లో. నేను ఇన్నేళ్ళుగా తొక్కుతూ ఆ మూడింటిలో ఏది తప్పినా ఒళ్ళు అదే రోజు చెప్పేసింది.

ఆదివారం మళ్ళీ వెళ్తానన్నావు కదా. 40 దాటొద్దు ఈసారి. సీటు ఎత్తేముందు గొట్టం చుట్టూ ఫ్రేము అంచున చిన్న టేపు ముక్క అంటించు, పాత కొలత పోకుండా. వచ్చాక మోకాలి సంగతి మెసేజీలో మొదటి లైన్లోనే రాయి. అంకెలు ఆ తర్వాత చూస్తాను.

ప్రేమతో,
పెదనాన్న