ట్రాక్టర్ ఇంజన్ ఓ రింగులకు ఏ గ్రీజు కొనాలి?

బంగారుపాళెం దగ్గర మీ ట్రాక్టర్ ఇంజన్ విప్పేశారు, లైనర్ (పిస్టన్ ఆడే గొట్టం) కిట్ తెచ్చుకున్నారు, నీళ్లు, ఆయిల్ కారకుండా పెట్టే రబ్బరు ఓ రింగులకు ఏం పూయాలో తెలీడం లేదు, మెకానికేమో చక్రాల బేరింగులకు పెట్టే గ్రీజే చాలంటున్నాడు. అంతే కదన్నా మీరడిగింది? ఆ గ్రీజు డబ్బా మూతేసి పక్కన పెట్టించండి. మా చిన్నాయన ట్రాక్టర్‌కు మేమూ అదే పూశాం. ఒక్క పనికి ఇంజన్‌ను రెండుసార్లు దించాల్సొచ్చింది.

అప్పుడు తోతాపురి కాయను ఫ్యాక్టరీకి తోలే రోజులు. బండి బాగానే లాగుతోంది, కానీ రేడియేటర్‌లో రోజూ నీళ్లు తగ్గుతున్నాయి. బయట ఒక్క చుక్క కారడం లేదు. నాలుగో రోజు డిప్‌స్టిక్ లాగితే ఆయిల్ పాలెక్కువైన కాఫీ రంగులో ఉంది. లైనర్ పైకి తీసి చూస్తే కింది ఓ రింగు ఒక పక్క ఉబ్బి గాడిలోంచి బయటికొచ్చింది. లైనర్ దింపేటప్పుడు బ్లాక్ అంచు తగిలి, వేలెడు పొడవున రబ్బరు పొర చెక్కేసినట్టు లేచిపోయింది. ఆ సందులోంచే నీళ్లు చాంబర్‌లోకి, అంటే ఇంజన్ కింద ఆయిల్ ఉండే తొట్టిలోకి దిగినాయి.

ఆ రింగును జేబులో వేసుకుని తిరుపతికి పోయినా. రేణిగుంట రోడ్డులో ఆయిల్ సీళ్లు అమ్మే షాపాయన దాన్ని వేళ్ల మధ్య నలిపి చూసి, "గ్రీజు సంగతి తర్వాత నాయనా, ముందు ఇది ఏం రబ్బరో తెలుసునా నీకు?" అన్నాడు. నాకు తెలీదు. నల్లగా ఉంటే అన్నీ ఒకటే రబ్బరనుకునేవాణ్ణి.

అసలు విషయమంతా అక్కడే ఉంది. నైట్రైల్, వైటాన్ అనే రబ్బర్లు పెట్రోలియం నూనెకు, గ్రీజుకు తట్టుకుంటాయి. ఈపీడీఎం అనే రబ్బరు నీళ్లకు, కూలెంట్‌కు చాలా మంచిది, కానీ పెట్రోలియం నూనె తగిలితే ఉబ్బిపోతుంది. సిలికాన్ రబ్బరుకు సిలికాన్ గ్రీజు పూస్తే అదీ ఉబ్బుతుంది, రెండూ ఒకే జాతివి కాబట్టి. ఓ రింగును గాడిలో కొంచెం నొక్కుకుని కూర్చునేలా కొలిచి చేస్తారు, వేడికి రబ్బరు పెరుగుతుందని గాడిలో కాస్త ఖాళీ కూడా వదులుతారు. ఆ ఖాళీని ఉబ్బే మింగేస్తే రింగుకు పోయే చోటుండదు, బయటికి తన్నుకొస్తుంది.

రంగు చూసి రబ్బరు పేరు చెప్పేవాళ్లను నమ్మకండి. ఎర్రగా ఉంటే సిలికాన్, గోధుమ రంగైతే వైటాన్ అనేది చాలాసార్లు నిజమే, కానీ నలుపులో అన్ని రకాలూ ఉంటాయి. కిట్ ప్యాకెట్ మీది పార్ట్ నంబర్ పట్టుకుని కంపెనీ డీలర్ దగ్గర అడగండి. కొందరు ముక్క కోసి కాల్చి వాసన చూస్తారు, ఆ పని మాత్రం వద్దే వద్దు. వైటాన్ కాలితే ఒంటిని, ఊపిరితిత్తులను తినేసే ఆమ్లం పుడుతుంది. ఏ విధంగానూ తెలియకపోతే పాత రింగుల్లోంచి కాకుండా కిట్‌లో మిగిలిన కొత్త రింగు ముక్కను ఒక గ్లాసు ఇంజన్ ఆయిల్‌లో వేసి మూడు రోజులు ఎండలో పెట్టండి. వేసే ముందు, తీశాక వెర్నియర్‌తో మందం కొలవండి. నేను అలా పెట్టిన ముక్క ఉబ్బిపోయి మళ్లీ గాడిలో కూర్చోలేదు.

ఇక కొనడానికొస్తే, పెద్దగా ఖర్చేం లేదు. ఆయిల్ పంప్, ఫిల్టర్ హౌసింగ్ లాంటి ఆయిల్ వైపు నైట్రైల్, వైటాన్ రింగులకు మీరు ఇంజన్‌లో పోయబోయే కొత్త ఆయిలే చాలు. రింగు గాడిలోంచి జారిపడుతుంటే వ్యాజలిన్ రవ్వంత రాయండి. ఇంజన్ వేడికి అది కరిగి ఆయిల్‌లో కలిసిపోతుంది, గొట్టాల్లో అడ్డం పడదు. వాటర్ పంప్ దగ్గరి ఈపీడీఎం రింగుకు సిలికాన్ గ్రీజు తీసుకోండి. మోలీకోట్ 111 అలాంటిదే, చిన్న ట్యూబు ఏళ్ల తరబడి వస్తుంది. స్పేర్ పార్ట్స్ షాపుల్లో లేకపోతే బేరింగులు, సీళ్లు అమ్మే చోట అడగండి. ఒక్క జాగ్రత్త: ఉత్తగా "సిలికాన్ ఇవ్వండి" అంటే గాస్కెట్లకు పూసే ఆర్‌టీవీ పేస్టు చేతిలో పెడతారు. అది గట్టిపడే బంక. "ఓ రింగులకు వేసే సిలికాన్ గ్రీజు" అని పూర్తిగా చెప్పండి.

లైనర్ రింగుల విషయంలో మాత్రం మీ బండి మాన్యువల్ చెప్పిందే చేయండి, ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. జాన్ డీర్ ఇంజన్ల మాన్యువల్స్‌లో లైనర్ రింగులకు లిక్విడ్ సోప్ వాడమని, నూనె రాస్తే ఎర్ర రింగులు ఉబ్బుతాయని ఉంటుంది. ఆయిల్ రాయమన్న ఇంజన్లలోనూ ముందే నానబెట్టకండి, లైనర్ దింపే ముందు రాసి వెంటనే దింపేయండి.

మేం రెండోసారి సబ్బు నీళ్లతోనే దింపాం. రింగు గాడిలో పడ్డాక నున్నటి పెన్ను దాని కిందికి దూర్చి చుట్టూ ఒకసారి తిప్పా, మెలిక ఉంటే విడిపోతుంది. పూత నిగనిగలాడితే చాలు, ముద్దలు కనిపించకూడదు. హెడ్, వాటర్ పంప్ బిగించి, చాంబర్ వేయకముందే బ్లాక్‌లో నీళ్లు నింపి కింద పాత పేపర్లు పరిచాం. చిన్నాయన రాత్రి రెండుసార్లు లేచి టార్చి వేసి చూసుకున్నాడు. తెల్లారి పేపర్ల మీద తడి లేదు, అప్పుడే చాంబర్ ఎక్కించాం.